దూరం చెప్పకుండా వెలుగు చెప్తే ఏం లాభం?

నక్షత్రాల గురించి మన టీవీల్లో, పేపర్లలో, వాట్సాప్ ఫార్వర్డుల్లో వచ్చే వార్తల మీద నాకు ఎప్పట్నుంచో ఒక ఫిర్యాదు ఉంది. "సూర్యుడి కంటే లక్ష రెట్లు ప్రకాశవంతమైన నక్షత్రం" అని హెడ్డింగు పెడతారు. వెనక ఢాం ఢాం అని ఒక మ్యూజిక్కు, నిప్పులు కక్కుతున్న ఒక గ్రాఫిక్కు. ఆ లక్ష అన్న అంకె ఎక్కడ్నుంచి ఊడిపడిందో మాత్రం ఎవరూ చెప్పరు. చూసేవాడూ అడగడు. ఏదో పెద్ద టెలిస్కోపు పెట్టి చూసుంటార్లే అనుకుంటాడు.

టెలిస్కోపులో ఆ అంకె కనపడదండీ. అక్కడే ఉంది తిరకాసంతా. టెలిస్కోపుకి తెలిసేది ఒక్కటే: ఆ నక్షత్రం నుంచి ఇక్కడ, మన దగ్గర, ఎంత వెలుగు వచ్చి పడుతోందో. అక్కడ అసలు ఎంత వెలుగు పుడుతోందో తెలియాలంటే మధ్యలో ఎంత దూరం ఉందో తెలియాలి, ఆ దూరాన్ని వర్గం చేసి గుణించాలి. దూరంలో పది శాతం తప్పుంటే వెలుగులో ఇరవై శాతం తప్పొస్తుంది. దూరం మనం అనుకున్నదానికి రెట్టింపని రేపు తేలితే, వెలుగు నాలుగు రెట్లయి కూర్చుంటుంది. అందుకని నేననేదేంటంటే, ఏ నక్షత్రం అసలు వెలుగు గురించి చెప్పినా దాని దూరం ఎంతో, ఆ దూరాన్ని ఎలా కొలిచారో, అందులో ఎంత అటూఇటూ ఉందో కూడా చెప్పి తీరాలి. చెప్పకపోతే అది సగం వార్త. ఎవడైనా "నా ప్యాకేజీ 90" అంటే లక్షలా, వేల డాలర్లా అని వెంటనే అడుగుతాం కదా, ఇక్కడెందుకు అడగం? :)

మనం ఈ సూత్రం చదువుకోలేదా అంటే, బ్రహ్మాండంగా చదువుకున్నాం. వన్ బై ఆర్ స్క్వేర్. గురుత్వాకర్షణకి ఒకసారి, కూలుంబ్ నియమానికి ఒకసారి, కాంతికి ఒకసారి. రెండు బల్బులిచ్చి మధ్యలో తెర ఎక్కడ పెడితే రెండు వైపులా సమానంగా వెలుగు పడుతుందో చెప్పమనే లెక్కని ఎంసెట్ కోచింగులో నిమిషంలోపే కొట్టేసేవాళ్ళం. కానీ ఆ లెక్కలో బల్బుల మధ్య దూరం వాళ్ళే ఇచ్చేస్తారు. దూరం ఇవ్వకుండా, బల్బు ఎన్ని వాట్లో కూడా చెప్పకుండా, తెర మీద పడ్డ వెలుగు మాత్రమే చూపించి "ఇప్పుడు చెప్పు నాయనా" అంటే? ఆ లెక్క మాకెవరూ ఇవ్వలేదు. ఆకాశం మాత్రం ఎప్పుడూ ఇచ్చేది ఆ లెక్కే.

రాత్రిపూట ఊరికి వెళ్ళే సింగిల్ రోడ్డు మీద ప్రయాణం చేసినవాళ్ళకి ఇది తెలుసు. ఎదురుగా చీకట్లో ఒకే ఒక్క దీపం కనిపిస్తుంది. దగ్గర్లో వస్తున్న మోపెడ్డా, లేక రెండు హెడ్‌లైట్లూ ఒకటిగా కలిసిపోయి కనిపించేంత దూరంలో ఉన్న లారీనా? కాసేపటిదాకా చెప్పలేం. డ్రైవరుకి ఆ బాధ ఎక్కువసేపు ఉండదు, ఎందుకంటే ఆ దీపం దగ్గరికొస్తుంది. నక్షత్రం రాదు. అది అక్కడే ఉంటుంది, మనం ఇక్కడే ఉంటాం, మన జీవితకాలం అయిపోతుంది.

సూత్రం వెనకున్న జామెట్రీ చాలా సులువు. దీపం నుంచి బయల్దేరిన వెలుగు అన్ని వైపులా బుడగలాగా పరుచుకుంటూ పోతుంది. దూరం రెట్టింపయితే ఆ బుడగ పైపొర నాలుగు రెట్లవుతుంది, అదే వెలుగు నాలుగు రెట్ల జాగాలో పంచుకోవాలి, కాబట్టి మన కంట్లో పడే వాటా నాలుగో వంతు. దారిలో వెలుగు అలిసిపోయి తగ్గిపోవడమేమీ లేదు, పల్చబడుతుందంతే.

సరే, ఇప్పుడు మన ఆకాశంలోనే ఉన్న ఒక జంటని చూద్దాం. ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిదింటికి హైదరాబాదులో దక్షిణం వైపు తిరిగి నిలబడితే సగానికి పైన ఎత్తులో ధగధగా మెరుస్తూ కనిపించేది సిరియస్. మనవాళ్ళు మృగవ్యాధుడు అన్నారు, లుబ్ధకుడనీ అంటారు. రాత్రి ఆకాశంలో అన్ని నక్షత్రాల్లోకీ మన కంటికి ఎక్కువ వెలుగున్నది అదే. దాని కింద, కొంచెం కుడివైపుకి, దిక్చక్రానికి ఇరవై డిగ్రీల ఎత్తులో ఉండేది అగస్త్య నక్షత్రం, ఇంగ్లీషులో కనోపస్. రెండో ర్యాంకు దానిది. సూర్యసిద్ధాంతంలో ఈ రెండిటి స్థానాలూ ఉన్నాయి. (ఆ దక్షిణం వైపు ఎత్తయిన అపార్టుమెంట్లు లేకపోతేనే అగస్త్యుడు కనపడతాడు. ఐటీ కారిడార్లో ఉన్నవాళ్ళకి ఆ అదృష్టం తక్కువ.)

కంటికి చూస్తే సిరియస్ అగస్త్యుడికి దాదాపు రెట్టింపు వెలుగు. ఇప్పుడు దూరాలు పెట్టండి. సిరియస్ 8.6 కాంతి సంవత్సరాలు. అగస్త్యుడు సుమారు 310. అంటే 36 రెట్లు దూరం, వర్గం చేస్తే దాదాపు 1300. కంటికి కనపడే ఆ రెట్టింపుని తీసేసినా అగస్త్యుడు నిజానికి సిరియస్ కంటే 650 రెట్లకి పైగా ఎక్కువ వెలుగు చిమ్ముతున్నాడన్నమాట! ఈ లెక్కని తిరగేసి చూస్తే ఇంకా బావుంటుంది. సిరియస్‌ని తీసుకెళ్ళి అగస్త్యుడి పక్కన పెడితే మామూలు కంటికి కనపడకుండా పోతుంది. అగస్త్యుణ్ణి తీసుకొచ్చి సిరియస్ ఉన్నచోట పెడితే, శుక్రుడు బాగా మెరిసేటప్పుడు ఉండే వెలుగుకి ముప్ఫై రెట్లకి పైగా ఉంటుంది. రాత్రి దాని వెలుగులో మన నీడలు పడతాయి, పగలు కూడా కనపడుతుంది. ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు అని మనం ఇచ్చిన ర్యాంకులు మన ఇల్లు ఎక్కడుంది అన్నదాని మీద ఆధారపడి ఇచ్చినవి. దూరపు కొండలు నునుపన్న మనవాళ్ళు దూరపు నక్షత్రాల గురించి కూడా ఒక సామెత పడేసి ఉండాల్సింది.

అలాగని దగ్గరున్నదల్లా మెరుస్తుందనుకోకండి. సూర్యుణ్ణి వదిలేస్తే మనకి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి, 4.24 కాంతి సంవత్సరాలు. కంటికి కనపడాలంటే అది ఇప్పుడున్నదానికి ఇంకో వంద రెట్లు వెలగాలి. 1915లో రాబర్ట్ ఇన్నెస్ జొహానెస్‌బర్గ్ నుంచి కనిపెట్టేదాకా అలాంటి పక్కింటివాడు మనకున్నాడనే ఎవరికీ తెలీదు.

ఈ ర్యాంకుల సంగతిలో మనకి దగ్గరి సంబంధం ఒకటుంది. నక్షత్రాల వెలుగుని 'మాగ్నిట్యూడ్' అనే తిరకాసు స్కేలులో కొలుస్తారు, అంకె చిన్నదయ్యేకొద్దీ వెలుగెక్కువ. చాలామందికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది గానీ ఎంసెట్ రాసినవాళ్ళకి కొత్తేముంది, మన ర్యాంకులూ అంతే కదా. పాత గ్రీకు కాలం నుంచీ కంటి అంచనాతో నడుస్తున్న ఈ ర్యాంకులకి 1856లో గట్టి లెక్క కట్టినవాడు నార్మన్ పాగ్సన్. ఐదు మెట్ల తేడా అంటే సరిగ్గా వంద రెట్ల వెలుగు, కాబట్టి ఒక్కో మెట్టు సుమారు 2.512 రెట్లు అన్నాడు. ఈ పాగ్సన్ 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, 1891లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న చింతామణి రఘునాథాచారి 1867లో వెలుగు పెరిగీ తరిగీ ఉండే ఒక నక్షత్రాన్ని కనిపెట్టాడు, పేరు ఆర్ రెటిక్యులి. ప్రపంచమంతా ఇవాళ్టికీ వాడే స్కేలు పెట్టిన మనిషి ముప్ఫై ఏళ్ళు మద్రాసులో కూర్చున్నాడన్న ముక్క మన ఫిజిక్సు పుస్తకాల్లో నాకెక్కడా కనపడలేదు. మీకు కనపడిందా?

ఇక అసలు గొడవకొద్దాం. మా టీములో ఒకాయన ఉన్నాడు. లంచ్ టేబుల్ దగ్గర ఎప్పుడు అంతరిక్షం టాపిక్ వచ్చినా ఒకటే డైలాగు: "ఎవడెళ్ళి టేపు పెట్టి కొలిచాడు బాసూ?" అందరూ నవ్వుతారు. దానికి ఇంకో కుర్రాడు ఉడుక్కుని "నాసా వాళ్ళు చెప్పారు సార్, వాళ్ళకి తెలీదా" అంటాడు. నన్నడిగితే ఈ ఇద్దరిలో మొదటాయనే నయం. ఆయన అడిగినది ఖగోళశాస్త్రంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. కాకపోతే జవాబు కోసం ఆగకుండా పెరుగన్నం కోసం లేచి వెళ్ళిపోతాడు. రెండోవాడి జవాబు మాత్రం జవాబే కాదు. ఎవరో చెప్పారు కాబట్టి నమ్మేట్టయితే నాసా వాడు చెప్పినా ఒకటే, ఫార్వర్డు చెప్పినా ఒకటే.

టేపు పెట్టకుండా ఎలా కొలిచారో చూద్దాం. మొదట్లో దొడ్డిదారి ఒకటి నడిచింది: నక్షత్రాలన్నీ సూర్యుడంతే వెలుగున్నాయని అనుకుంటే పోలా? హైగెన్స్ ఆ పనే చేశాడు. సూర్యుడి వెలుగుని సన్నటి రంధ్రంలోంచి రానిచ్చి, అది సిరియస్ అంత మసగ్గా కనపడాలంటే ఎంత తగ్గించాలో చూసి, సిరియస్ మనకి సూర్యుడి కంటే 27,664 రెట్లు దూరం అని తేల్చాడు. 1698లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఉందిది. నిజం అంకె 5 లక్షల 40 వేల పైమాట. ఇరవై రెట్లు తేడా! కానీ ఆ తేడా ఎక్కడిదో చూడండి. సిరియస్ సూర్యుడికి దాదాపు 25 రెట్లు వెలుగు. 25కి వర్గమూలం 5. అంటే "అన్నీ సూర్యుడంతే" అన్న ఒక్క ఊహ వల్లే ఐదు రెట్లు తప్పు, మిగతా నాలుగు రెట్లు కంటి అంచనా వల్ల. ఎనభై తొంభై ఏళ్ళ తర్వాత విలియం హెర్షెల్ కూడా పాలపుంత బొమ్మ గీయడానికి ఇలాంటి ఊహనే నమ్ముకున్నాడు. ఇద్దరూ మేధావులే, కానీ దూరం లేకుండా వెలుగుతో పెట్టుకుంటే ఎవరికైనా ఇదే గతి.

నిజంగా దూరం కొలవడం 1838లో బెసెల్‌తో మొదలైంది. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే దగ్గరి తాటిచెట్లు గబగబా వెనక్కి పోతాయి, దూరంగా ఉన్న కొండ మనతోనే వస్తున్నట్టుంటుంది. అదే కిటుకు. భూమి ఆరు నెలల్లో సూర్యుడికి ఇటు నుంచి అటు వెళ్తుంది కదా, అప్పుడు దగ్గరి నక్షత్రం వెనకున్న దూరపు నక్షత్రాల మధ్య కాస్త జరిగినట్టు కనపడుతుంది. ఆ కోణం పేరు పారలాక్స్. బెసెల్ కొలిచినది 0.314 ఆర్క్‌సెకన్లు. పాత రూపాయి బిళ్ళని చార్మినార్ కింద పెట్టి గచ్చిబౌలి నుంచి చూస్తే ఎంత కనపడుతుందో దాదాపు అంత కోణం! ఇవాళ్టి లెక్క 0.286, దూరం 11.4 కాంతి సంవత్సరాలు. అప్పట్లో ఆయన చేసిన తప్పు పది శాతమే.

ఇందులో నాకు బాగా నచ్చేది ఆయన ఎంచుకున్న నక్షత్రం. 61 సిగ్ని అనే, చీకటి రాత్రి వెతికితే గానీ కనపడని ఒక బీద నక్షత్రం. అంత వెలుగున్న సిరియస్‌ని, వేగాని వదిలేసి దీన్ని ఎందుకు పట్టుకున్నాడంటే, ఇది మిగతావాటితో పోలిస్తే ఏటికేడాది ఆకాశంలో ఎక్కువ జరుగుతోంది, కాబట్టి దగ్గర్లో ఉండుండాలని. మెరిసేదే దగ్గరిదన్న అందరి నమ్మకాన్నీ పక్కన పెట్టాడు. అదే సమయంలో స్ట్రూవె వెలుగు చూసి వేగాని పట్టుకున్నాడు. అదీ దగ్గరిదే, 25 కాంతి సంవత్సరాలు, కానీ బెసెల్ నక్షత్రానికి రెట్టింపు దూరం.

పారలాక్స్ దగ్గరివాటికే పనికొస్తుంది, దూరం పోయేకొద్దీ కోణం మరీ చిన్నదైపోతుంది. తర్వాతి మెట్టు కట్టినావిడ హెన్రియెటా లీవిట్. హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఆవిడ ఉద్యోగం పేరు 'కంప్యూటర్'. అవును, మనుషుల్నే అలా పిలిచేవారు. గాజు పలకల మీద తీసిన ఫొటోల్లో నక్షత్రాల వెలుగుని లెక్కపెట్టడం పని, జీతం గంటకి 30 సెంట్లు. ఆవిడ చూస్తున్నది చిన్న మాగెల్లాన్ మేఘంలో ఉన్న చర నక్షత్రాల్ని, అంటే వెలుగు పెరిగీ తరిగీ ఉండేవాటిని.

ఆవిడ చేసినదాంట్లో కిటుకు అర్థం కావాలంటే తిరుపతి వెళ్ళాలి. రాత్రిపూట కింద ఊర్లోంచి చూస్తే తిరుమల కొండ మీదా, ఘాట్ రోడ్డు మీదా లైట్లు వరసగా కనపడతాయి. అవన్నీ మనకి ఇంచుమించు ఒకే దూరం. కాబట్టి వాటిల్లో ఎక్కువ మెరుస్తున్న లైటు నిజంగానే ఎక్కువ వాట్ల లైటు. దూరం ఎంతో తెలీకపోయినా ఫరవాలేదు, ఈక్వేషన్‌కి రెండు వైపులా ఉండి కొట్టేసుకుపోతుంది. ఆ మేఘంలో నక్షత్రాలు కూడా అంతే, మనకి అన్నీ ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నాయి. 1912లో అలాంటి 25 నక్షత్రాల్ని తీసుకుని, నిదానంగా పెరిగి తరిగేవి ఎక్కువ వెలుగు, గబగబా పెరిగి తరిగేవి తక్కువ వెలుగు అని ఆవిడ చూపించింది. ఇక ఆ జాతి నక్షత్రం (సెఫీడ్ అంటారు) ఎక్కడ కనపడినా సరే, ఎన్ని రోజులకోసారి పెరిగి తరుగుతోందో లెక్కపెట్టుకుంటే దాని అసలు వెలుగు తెలిసిపోతుంది, అసలు వెలుగు తెలిస్తే కనపడే వెలుగుని బట్టి దూరం వస్తుంది. దూరం తెలిస్తే తప్ప అసలు వెలుగు తెలీదన్న పీటముడిని రెండో కొసనుంచి విప్పిందన్నమాట.

1923లో హబుల్ ఆండ్రోమెడాలో అలాంటి నక్షత్రాన్ని పట్టుకుని అది మన పాలపుంతకి అవతల ఉన్న ఇంకో గెలాక్సీ అని తేల్చింది ఈ సూత్రంతోనే. ఆయన పేరు మీద అంతరిక్షంలో టెలిస్కోపే ఉంది. లీవిట్ 1921లోనే పోయింది. 1925లో స్వీడన్ నుంచి మిట్టాగ్-లెఫ్లర్ అనే గణితవేత్త ఆవిడ పేరు నోబెల్‌కి సూచిద్దామని ఉత్తరం రాస్తే, ఆవిడ లేదని అప్పుడు తెలిసింది. నాకైతే విశ్వాన్ని కొలిచింది ఎవరంటే మొదట చెప్పాల్సిన పేరు ఆవిడదే అనిపిస్తుంది.

హబుల్ చెప్పిన ఆండ్రోమెడా దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు. 1952లో వాల్టర్ బాడె ఆ చర నక్షత్రాల్లో రెండు జాతులున్నాయనీ, మనం ఒకదాని లెక్కని ఇంకోదానికి వాడుతున్నామనీ చెప్పాడు. ఆండ్రోమెడాలో చూసినవి అనుకున్నదానికి నాలుగు రెట్లు వెలుగువట. నాలుగుకి వర్గమూలం రెండు. ఒక్క కాన్ఫరెన్సులో గెలాక్సీల దూరాలన్నీ రెట్టింపైపోయాయి. ఇవాళ్టి అంకె 25 లక్షల కాంతి సంవత్సరాలు. ప్రొడక్షన్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉన్న బగ్గు అనుకోండి. ఆకాశంలో ఏమీ మారలేదు, ఫొటోలో వెలుగూ మారలేదు.

ఇందులో మన హైదరాబాదు వాటా కూడా ఉంది, ఎవరూ పెద్దగా చెప్పుకోరు. నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసే ఒకాయన కొడుకు వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో హార్వర్డ్ వెళ్ళాడు. 1957లో ఓలిన్ విల్సన్, ఈయన కలిసి ఒక చిత్రమైన సంగతి చూపించారు. కాస్త చల్లటి నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం వల్ల ఏర్పడే ఒక సన్నటి వెలుగు గీత ఉంటుంది, ఆ గీత ఎంత వెడల్పుంటే నక్షత్రం అసలు వెలుగు అంత ఎక్కువ. గీత వెడల్పు దూరాన్ని బట్టి మారదు కదా! వెలుగు ఎంత పల్చబడినా గీత గీతే. అంటే ఆ నక్షత్రం ఎన్ని వాట్ల బల్బో దాని వర్ణపటం మీదే రాసుందన్నమాట. విల్సన్-బప్పు ఎఫెక్ట్ అని ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. ఆ నిజామియా అబ్జర్వేటరీ వాళ్ళే బేగంపేటలో కూర్చుని ఏడు లక్షలకి పైగా నక్షత్రాల స్థానాలు ఫొటోల మీద కొలిచారు. అంతర్జాతీయ కేటలాగులో అది హైదరాబాదు వాటా. నక్షత్రాలు ఎటు జరుగుతున్నాయో లెక్కకట్టిన టైకో-2 కేటలాగు 2000లో వచ్చినప్పుడు అందులో ఆ పాత కొలతలు కూడా వాడుకున్నారు. బేగంపేట అంటే మనకి పాత ఎయిర్‌పోర్టే గుర్తొస్తుంది, ఏం చేస్తాం.

వెలుగు తగ్గడానికి దూరం ఒక్కటే కారణమా అంటే కాదు, మధ్యలో దుమ్ము కూడా ఉంటుంది. 1930లో ట్రంప్లర్ దాన్ని ససాక్ష్యంగా నిరూపించాడు. దీనికి మంచి ఉదాహరణ మన ఆర్ద్ర నక్షత్రం, అదే బెటెల్‌గ్యూస్. 2019 చివర్లో అది మసకబారడం మొదలైంది, 2020 ఫిబ్రవరికి మామూలు వెలుగులో మూడో వంతుకి దగ్గరగా పడిపోయింది. ఛానెళ్ళలో "పేలిపోతోంది" అని ఒకటే హడావిడి. పేలలేదు. అది తనలోంచి కక్కిన పదార్థం దుమ్ముగా మారి మనవైపు అడ్డం పడింది, దాని ఉపరితలం కూడా కొంత చల్లబడింది. ఆ హడావిడిలో ఎవరూ చెప్పనిది ఇంకోటుంది: దాని దూరమే మనకి సరిగ్గా తెలీదు! 1997లో హిప్పార్కస్ ఉపగ్రహం ఇచ్చిన కొలతతో 430 కాంతి సంవత్సరాలన్నారు. 2008లో రేడియో కొలతలు కలిపి 640 అన్నారు. 2020లో ఇంకో బృందం వేరే పద్ధతిలో 550 దగ్గర అంది. 430కీ 640కీ మధ్య తేడాని వర్గం చేయండి, రెండు రెట్లకి పైనే. అంటే "సూర్యుడి కంటే ఇన్ని వేల రెట్లు" అనే హెడ్డింగులో ఆ ఇన్ని ఏ కొలత పట్టుకున్నామన్నదాన్ని బట్టి సగమవచ్చు, రెట్టింపవచ్చు.

ఇదంతా తెలుసుకుంటే ఏమొస్తుంది, అప్రైజల్లో రేటింగు పెరుగుతుందా అని అడిగేవాళ్ళుంటారు. పెరగదు. కానీ 1998లో రెండు బృందాలు దూరపు సూపర్నోవాలు ఊహించినదానికన్నా ఇరవై పాతిక శాతం మసగ్గా ఉన్నాయని కనిపెట్టాయి. దాన్ని బట్టి విశ్వం సాగే వేగం పెరుగుతోందన్నారు, డార్క్ ఎనర్జీ అన్నారు, 2011లో నోబెల్ ఇచ్చారు. (అంత దూరాల్లో విశ్వం సాగడం వల్ల సూత్రం ఇంకాస్త మెలిక తిరుగుతుంది, అది వేరే కథ.) విశ్వంలో మూడింట రెండొంతుల పైన ఏముంది అన్న ప్రశ్న అంతా "అనుకున్నదానికన్నా కొంచెం మసగ్గా ఉంది" అన్న ఒక్క ముక్క మీద మొదలైంది. దుమ్ము వల్ల అలా కనపడుతోందా అని వాళ్ళే ముందు తమ లెక్కని తామే చీల్చి చెండాడుకున్నారు. అలా చేయకపోయి ఉంటే నమ్మాల్సిన పనేముంది?

ఇక టేపు అడిగే మా పెద్దమనిషికి నేనిచ్చే జవాబు గయా. యూరప్ వాళ్ళ ఉపగ్రహం, 2013 డిసెంబరులో ఎగిరింది, 2025 జనవరిలో కొలతలు ఆపేసింది. బెసెల్ కొలిచిన కోణంలో పదివేలో వంతు దాకా పట్టుకోగలిగింది. 2022లో విడుదల చేసిన డేటాలో దాదాపు 146 కోట్ల నక్షత్రాలకి పారలాక్స్ ఉంది, అదంతా ఉచితం. బ్రౌజర్లో ఏడీక్యూఎల్ అని, మన ఎస్క్యూఎల్‌కి తమ్ముడులాంటి భాషలో క్వెరీ కొట్టుకోవచ్చు. రోజూ సెలెక్ట్ స్టార్ అని కొడుతూనే ఉంటాం కదా, ఒక్కసారి నిజంగానే స్టార్లని సెలెక్ట్ చేసి చూడండి. :)

చూస్తే మీకో చిత్రం కనపడుతుంది. కొన్ని కోట్ల నక్షత్రాలకి పారలాక్స్ మైనస్‌లో ఉంటుంది. దూరం మైనస్ ఏంటి, డేటా చెడిపోయిందా అనుకుంటాం. చెడిపోలేదు. చాలా దూరంగా ఉన్న నక్షత్రానికి అసలు కోణం సున్నాకి దగ్గర, కొలతలో ఉండే అటూఇటూ దానికన్నా పెద్దది, కాబట్టి కొన్ని సున్నాకి అటువైపు పడతాయి. మనలాంటివాళ్ళయితే "వేర్ పారలాక్స్ గ్రేటర్ దేన్ జీరో" అని ఒక ఫిల్టర్ పెట్టి రిపోర్టు అందంగా చేసి పంపేద్దుం. వాళ్ళు అలా చేయలేదు, ఆ మైనస్ అంకెల్ని అలాగే ఉంచారు. ఎందుకంటే వాటిని తీసేస్తే మిగిలినవాటి సగటు ఒక పక్కకి ఒరిగిపోతుంది. ప్రతి అంకె పక్కనా ఇంకో కాలమ్‌లో తప్పు ఎంత ఉండొచ్చో కూడా ఇచ్చారు. నేను టీవీ వాళ్ళని అడుగుతున్నది ఆ రెండో కాలమ్ గురించే.

ఆర్ద్రని మాత్రం అందులో వెతక్కండి. కోట్ల మసక నక్షత్రాల్ని కొలిచిన గయాకి అది మరీ ఎక్కువ వెలుగైపోయింది, పనికొచ్చే పారలాక్స్ రాలేదు. మృగశిర పక్కన చిన్నపిల్లాడికైనా చూపించగలిగే ఆ ఎర్ర నక్షత్రం దూరం ఇంకా గట్టిగా తేలాల్సే ఉంది.